లంకె కనబడవలెను

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు గ్రంథములెంత ముఖ్యమో, ఆ గ్రంథములకు దారి చూపు గురుతులును అంత ముఖ్యములు. బీరువాలలో వేయి పుస్తకములుండవచ్చును. వచ్చిన పాఠకునికి తనకు కావలసినది ఏ వరుసలో నున్నదో తెలియనిచో ఆ వేయియు అతని విషయమున లేనివే యగును. అందువలననే గ్రంథాలయశాస్త్రము పుస్తకములను చేర్చుటతో నిలువక, వర్గీకరణమును, సూచికాపత్రములను కల్పించినది. సూచికాపత్రముపై ఒక పేరు క్రింద "ఫలానా పేరు చూడుము" అని వ్రాయు ఆచారము కలదు. ఆ చిన్నమాట పాఠకుని ఒక చోటినుండి మరియొక చోటికి చేయి పట్టుకొని తీసికొనిపోవును. శ్రీ ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో నాల్గవది పాఠకుని కాలమును పొదుపు చేయుమని చెప్పుచున్నది. "చూడుము" అను మాట ఆ సూత్రమునకు అతి చిన్న ఆచరణరూపము.

నేడు ఆ మాటయే రూపము మార్చుకొని కంప్యూటరు తెరమీదికిని, చేతిలోని ఫోనుమీదికిని వచ్చినది. దానిని వాడుకలో లింకు అందురు. తెలుగు వికీపీడియావంటి చోట్ల లంకె యని వ్యవహరింతురు. పుస్తకములో అధోజ్ఞాపికను చూచినవాడు లేచి వెళ్లి వేరొక పుస్తకమును తీయవలసియుండును. తెరమీది లంకెను వ్రేలితో తాకిన చాలును, ఆ వేరొక పుటయే వచ్చి యెదుట నిలుచును. ఇంత సౌకర్యమున్నను ఇందొక చిక్కు కలదు. తలుపునకు గోడ రంగే వేసి, గడియ గాని గొళ్లెము గాని కనబడనీయనిచో, అక్కడ తలుపున్నదని బాటసారికి తెలియదు. లంకెయు నట్టిదే. చుట్టునున్న మాటలలో ఏది లంకెయో కంటికి తెలియనప్పుడు, అది యుండియు లేనిదే.

దీనిని అలంకారమునకు సంబంధించిన చిన్న విషయమని త్రోసివేయరాదు. వృద్ధుల పింఛను, విద్యార్థుల ఉపకారవేతనములు, పరీక్షా ఫలితములు, భూమి పత్రములు మొదలగు వానికి సంబంధించిన పనులు నేడు పెక్కు వెబ్‌పుటల మూలముగనే జరుగుచున్నవి. నలుబది పంక్తుల నడుమ "దరఖాస్తు పత్రము" అను రెండు మాటలు లంకెయై, నల్లని అక్షరములలో తామును నల్లగనే యున్నవనుకొందురు గాక. కిటుకు తెలిసినవాడు లోనికి పోవును. తెలియనివాడు ఇందులో ఏమియు లేదని తిరిగిపోవును, లేదా మరియొకరికి రుసుమిచ్చి ఆ పని చేయించుకొనును. కావున లంకెకు ఏ రంగు వేయవలెను, ఎంత వేయవలెను అను ప్రశ్నలో, లోనికి ఎవరు రాగలరు అను ప్రశ్న ఇమిడియున్నది.

అక్షరముల నడుమ రంగును గురుతుగా నుంచుట క్రొత్త విద్య కాదు. మధ్యయుగములలో ఐరోపా లేఖకులు గ్రంథమును నల్లసిరాతో వ్రాసి, ప్రకరణముల పేర్లను, ఆరంభములను ఎర్రసిరాతో తీర్చెడివారు. అట్టి ఎర్ర వ్రాతకు ఆంగ్లమున గల "రూబ్రిక్" అను పేరు ఎర్రమన్ను అను అర్థముగల లాటిను పదమునుండి వచ్చినది. భారతదేశమున కాగితముపై వ్రాయబడిన సంస్కృత గ్రంథములలో గూడ అధ్యాయాంత వాక్యములను, విరామ దండములను ఎరుపుతో గుర్తించుట కాననగును. తెలుగునాటి తాళపత్రముల తీరు వేరు. గంటముతో ఆకుపై గీచి, మసి పూసి తుడిచినప్పుడు గీతలలో మసి నిలిచి అక్షరములు నల్లగా తేలును. ఒక మాటకొక రంగు, వేరొక మాటకు వేరొక రంగు అను వెసులుబాటు ఆ పద్ధతిలో సులభము కాదు. అచ్చట దండములు మొదలైన ఆకారపు గురుతులే పాఠకునకు ఆధారములు. ఈ రెండు సంప్రదాయములను కలిపి చూచినచో గురుతునకు రెండు సాధనములున్నవని తెలియును: ఒకటి రంగు, రెండవది ఆకారము. నేటి లంకె విషయమునను చర్చ యంతయు ఈ రెండింటి పొత్తును గురించినదే.

లంకె పుట్టుక కథ కొంత తెలిసికొనుట మంచిది. లంకెలతో అల్లిన వ్రాతకు "హైపర్‌టెక్స్ట్" అను పేరు 1965లో అమెరికా దేశస్థుడగు టెడ్ నెల్సన్ వలన వాడుకలోనికి వచ్చినది. 1989లో టిమ్ బర్నర్స్-లీ, జెనీవా నగర సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచు, వరల్డ్ వైడ్ వెబ్ అను వ్యవస్థను ప్రతిపాదించెను. 1990లో ఆయన నెక్స్ట్ అను కంప్యూటరుపై మొదటి బ్రౌజరును నిర్మించెను. అందులో లంకెకు రంగు లేదు, క్రిందిగీతయే గురుతు. పత్రములలో క్రిందిగీత వాడుక తక్కువ గనుక అది ఈ పనికి తీరికగా దొరికినదని ఆయన తరువాత వివరించెను. రంగుల తెరలు వ్యాపించిన పిదప రంగు వచ్చి చేరినది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున తయారైన మొజాయిక్ బ్రౌజరు 1993 ఏప్రిలులో, ఇంకను చూడని లంకెలకు నీలిరంగును తిన్నని గీతను, ఒకమారు చూచినవానికి ముదురు ఊదారంగును తునకల గీతను ఏర్పాటు చేసినది. తరువాతి బ్రౌజరులు నీలమును, ఊదాను నిలుపుకొన్నవి. ఆ అలవాటు నేటికిని లోకమంతట నడచుచున్నది.

నీలమే యేల? దీనికి విడువరాని శాస్త్రకారణము లేదనియు, అది యొక అలవాటుగా వచ్చినదనియు బర్నర్స్-లీ చెప్పెను. అయినను వెబ్ పుట్టుటకు ముందే ఈ విషయమున ఒక మంచి పరిశీలన జరిగియున్నది. 1980ల దశకమున అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయములో బెన్ ష్నైడర్‌మన్ గారును, వారి విద్యార్థులును హైపర్‌టైస్ అను లంకెల గ్రంథవ్యవస్థను నిర్మించుచు, లంకె పదములకు వేర్వేరు రంగులు వేసి పాఠకులచే చదివించి చూచిరి. ఎరుపు వేసినప్పుడు లంకెలు బాగుగా కనబడినవి. కాని చదివినవారికి పాఠములోని సంగతులు తగినంతగా గుర్తుండలేదు. లేతనీలము వేసినప్పుడు లంకె కనబడినది, పాఠమునకు భంగము కలుగలేదు. అందుచేత వారు నీలమును ఎంచుకొనిరి.

ఈ చిన్న పరిశీలనములో పెద్ద బోధ కలదు. కనబడుట వేరు; కంటిని లాగుట వేరు. సంతలో అమ్మకము చేయువాడు గొంతెత్తి పిలుచును. అది వాని వృత్తిధర్మము. గ్రంథాలయములో దారి చూపువాడు మెల్లగా చెప్పును. అడిగినవానికి వినబడవలెను, ప్రక్కన చదువుకొనువానికి అడ్డము కారాదు. లంకె రంగు ఈ రెండవవాని వంటిదై యుండవలెను. పాఠకుడు దారి వెదకినప్పుడు అది వెంటనే దొరకవలెను. చదువులో మునిగియున్నప్పుడు అది మౌనముగా నుండవలెను. పుటనిండ ఎరుపు, పచ్చ, నారింజ వన్నెలతో లంకెలను నింపినచో, పాఠకుని చూపు మాటనుండి మాటకు గెంతుచుండును గాని వాక్యము అతని మనస్సున కెక్కదు. చదువవలసిన పుట సంతబజారగును.

రంగుపై ఆధారపడుటలో మరియొక కష్టము కలదు. అందరి కన్నులును ఒకే రంగును ఒకే విధముగా చూడవు. పరమాణువాదమునకు ప్రసిద్ధుడైన జాన్ డాల్టన్ 1794లో మాంచెస్టరు నగరములోని పండితసభ యెదుట తన చూపునుగురించి ఒక పత్రమును చదివెను. లారెల్ అను చెట్టు ఆకు పైభాగమును, ఎర్రని లక్కకడ్డియు తన కంటికి ఒకే తీరున నుండునని ఆయన వ్రాసెను. ఇట్టి లోపమునకు వర్ణాంధత్వమని పేరు. ఇది పుట్టుకతో వచ్చునది. దీనిలో అధికభాగము ఎరుపు, పచ్చలకు సంబంధించినది. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై నుండుటచేత పురుషులలో ఎక్కువ, స్త్రీలలో మిక్కిలి తక్కువ. ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో సుమారు 12 మందిలో ఒకనికి, స్త్రీలలో 200 మందిలో ఒకతెకు ఇది కలదని లెక్క. పెక్కు ఇతర జాతులలో ఈ పాలు ఇంతకంటె తక్కువ.

వీరిలో ఒక తెగవారికి ఎరుపు మందమై నలుపునకు దగ్గరగా కనబడును. ఇతరుల కంటికి నిప్పువలె మెరయు ఎర్రలంకె వారికి నల్లని అక్షరములలో కలిసిపోవును. కంటిని అందరికంటె ఎక్కువగా లాగునని యెంచిన రంగే కొందరికి బొత్తిగా లేనిదగును. నీలమును పసుపును గుర్తింపలేని లోపము మిక్కిలి అరుదు గనుక, నీలిలంకె ఈ విషయమున చాలమందికి మేలైనది. అయినను నీలమునకు దాని బలహీనత దానికున్నది. వయస్సు ముదిరినకొలది కంటిలోని కటకము పసుపువన్నెకు తిరుగును. శుక్లములు ముదిరినప్పుడు ఇది యధికమగును. అట్టి కటకము నీలికాంతిని కొంత అడ్డగించుటచే, పెద్దలకు ముదురునీలము నలుపువలె తోచును. ఎరుపు ఒకరికి అక్కరకు రాదు, నీలము మరియొకరికి అక్కరకు రాదు. ఏ రంగును గాని ఏకైక సాక్షిగా నిలుపరాదని ఇందువలన తేలుచున్నది.

ఈ సంగతిని గ్రహించియే వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి అను సంస్థ 2008లో ప్రకటించిన మార్గదర్శకములలో, ఏ విషయమునైనను రంగు ఒక్కదానిచేతనే తెలియజేయరాదని నియమించినది. లంకెకు రంగుతోపాటు క్రిందిగీత గాని, అటువంటి మరియొక ఆకారపు గురుతు గాని ఉన్నచో, రంగు తెలియని కంటికి ఆకారము సాక్ష్యము చెప్పును. ప్రభుత్వ వెబ్‌సైట్లకు సంబంధించి భారతదేశములోను 2009లో మార్గదర్శకములు వెలువడినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచార సాధనములు వికలాంగులకు గూడ అందుబాటులో నుండవలెనని విధించుచున్నది. కావున ఇది దయాధర్మముగా చేయు పనియని యెవరును తలపనక్కరలేదు. చేసి తీరవలసిన బాధ్యత ఇది.

ఆ మార్గదర్శకములలో రంగుల వ్యత్యాసమును కొలుచుట కొక లెక్క కూడ కలదు. తెల్లని పుటపై నల్లని అక్షరమునకు వ్యత్యాసము 21కి 1. ఇదియే గరిష్ఠము. సామాన్య పరిమాణముగల అక్షరమునకును, దాని వెనుకనున్న నేలకును కనీసము 4.5కు 1 యుండవలెనని నియమము. పెద్ద అక్షరములకు 3కు 1 చాలును. ఈ కొలతతో తెల్లని నేలపై కొన్ని రంగులను తూచిన చిత్రమైన ఫలితములు వచ్చును. స్వచ్ఛమైన నీలమునకు వ్యత్యాసము సుమారు 8.6, అది సులభముగా నెగ్గును. స్వచ్ఛమైన ఎరుపునకు సుమారు 4. కంటిని అంతగా లాగు రంగు, చదువుటకు కావలసిన కనీసమునకే చాలదు. స్వచ్ఛమైన పసుపునకు 1.07 మాత్రమే, అనగా తెల్లకాగితముపై పసుపు అక్షరము ఇంచుమించు లేనట్లే.

ఇందు మరియొక సంగతి గమనింపదగినది. లంకె రంగు నేలతో భేదించిన చాలదు. చుట్టునున్న నల్లని అక్షరములతో గూడ భేదింపవలెను. క్రిందిగీత లేకుండ రంగొక్కటే గురుతుగా నుంచదలచినవారు, లంకెకును చుట్టుప్రక్కల మాటలకును 3కు 1 వ్యత్యాసమైనను ఉంచి, వ్రేలు గాని సూచిక గాని చేరినప్పుడు గీతవంటి మరియొక గురుతు తోచునట్లు చేయవలెనని ఆ సంస్థ సూచించినది. స్వచ్ఛమైన నీలమునకును నలుపునకును గల వ్యత్యాసము సుమారు 2.4 మాత్రమే. తెల్లని పుటపై అంత స్పష్టముగా నిలుచు నీలము, నల్లని మాటల సరసన అంత స్పష్టముగా వేరుపడదన్నమాట. ఇన్నియేండ్లుగా నీలిలంకె పని జరుపుకొని వచ్చుటకు దానిక్రింది గీతయే సగము కారణము. అందము చెడునని ఆ గీతను తీసివేయు నిర్మాతలు, తాము దేనిని తీసివేయుచున్నారో ఒక్కమారు ఆలోచించుట మంచిది.

పసుపు పనికిరానిదా యన్నచో, దానికి తగిన చోటు వేరే కలదు. అక్షరమునకే పసుపు పూసిన మాయమగును. అక్షరము వెనుక పసుపు పూసిన అక్షరము వెలుగును. పసుపు నేలపై నల్లని అక్షరమునకు వ్యత్యాసము 19కి పైబడి యుండును. నీలి అక్షరమునకును 8 వరకుండును. విద్యార్థులు పాఠ్యపుస్తకములో ముఖ్యమైన వాక్యముపై మెరుపుకలముతో పసుపు పూయుట అందరును ఎరిగినదే. అక్షరము చెడదు, చోటు మాత్రము తెలియును. కాని ఈ పూత బలమైన మందువంటిది. పుటకు ఒకటి రెండు చోట్ల వేసిన గుణము. ప్రతి వాక్యమునకు వేసిన నిర్గుణము. పుస్తకమంతయు పసుపు పూసిన విద్యార్థికి పరీక్షనాడు ఏది ముఖ్యమో మరల వెదకికొనవలసియే వచ్చును.

బ్రిటిష్ ప్రభుత్వపు వెబ్‌సైటులో ఈ పూతకు చక్కని వినియోగము కలదు. అక్కడి లంకెలు మామూలుగా నీలిరంగులో క్రిందిగీతతో నుండును. చేతివణుకుచేత గాని, మరి యే కారణముచేత గాని మౌసు వాడలేనివారు మీటలపలక మీది ట్యాబు మీటను నొక్కుచు ఒక లంకెనుండి మరియొక లంకెకు పోవుదురు. అట్లు పోవునప్పుడు తాము నిలిచిన లంకె వెనుక పసుపుపూతయు, క్రింద లావైన నల్లని గీతయు వచ్చును. తక్కిన లంకెలు మామూలుగనే యుండును. పసుపు ఒక్కచోటనే యుండుటచేత "మీరిప్పుడిచట నున్నారు" అని చెప్పినట్లగును. రైలుస్టేషనులో పటముపై చుక్క పెట్టి నిలిచిన చోటు చూపుట వంటిదే ఇది. రంగును దాచుకొని, అవసరమైన క్షణమున వెచ్చించుట ఎట్లో దీనిని చూచి నేర్చికొనవచ్చును.

తెలుగు పుటల విషయమునకు వచ్చినచో కొన్ని విశేషములు గలవు. ఆంగ్లమునందువలె తెలుగులో పెద్దబడి, చిన్నబడి అను అక్షరభేదము లేదు. వాలు అక్షరముల సంప్రదాయమును బలమైనది కాదు. ఒక మాటను తక్కినవానినుండి వేరుచేసి చూపుటకు మిగిలినవి అక్షరపు లావు, రంగు, గీత మాత్రమే. కాబట్టి తెలుగు పుటకు రంగు అవసరము ఆంగ్లపు పుటకంటె ఒక పాలు ఎక్కువ. ఇక గీత విషయమున తెలుగునకు ఒక ఇబ్బంది కలదు. ఆంగ్లపు చిన్నబడి అక్షరములలో పంక్తి దిగువకు తోకలు దిగునవి జి, జె, పి, క్యు, వై అను ఐదు మాత్రమే. తెలుగులో వత్తులును వట్రుసుడియు పంక్తి క్రిందికే వ్రేలాడును. "రాష్ట్రము", "శాస్త్రము", "కృష్ణ" వంటి మాటల క్రింద గీత గీచినప్పుడు ఆ గీత వత్తుల నడుమగా పోయి వానిని కోసివేయును. ఒత్తేదో గీతయేదో తెలియక పాఠకుడు తడబడును. క్రొత్తగా చదువ నేర్చిన పిల్లలకు ఇది మరింత కష్టము.

అందుకని గీతను మానివేయనక్కరలేదు. బ్రౌజరులలో గీత అక్షరమునకు తగిలినచోట తెగి, తిరిగి సాగు ఏర్పాటు కలదు. వత్తులు దట్టముగా నున్న మాటలకు ఆ గీత ముక్కలు ముక్కలగును గనుక, దానికంటె గీతను వత్తుల దిగువకు జరుపుట మేలు. అట్లు జరుపుటకును, గీతను సన్నము చేయుటకును పుట నిర్మాతకు నేడు సాధనములున్నవి. పంక్తికిని పంక్తికిని నడుమ ఎడమును కొంచెము పెంచినచో గీతకు చోటు దొరకును, చదువుటయు సుఖమగును. ఆంగ్లపు పుటకు కుట్టిన చొక్కాను అట్లే తెలుగు పుటకు తొడిగిన బిగువగును. కొలతలు తీసి మరల కుట్టవలెను.

తెలుగువారి నడుమ రంగు లంకెకు మంచి యుదాహరణము తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో ఆరంభమైన ఈ విజ్ఞానసర్వస్వములో నీలిలంకె వ్యాసమున్నదని తెలుపును. ఎర్రలంకె ఆ పేరుతో వ్యాసము ఇంకను వ్రాయబడలేదని తెలుపును. ఎర్రలంకెను నొక్కినచో వ్రాయుటకు వీలుగా ఖాళీపుట తెరచుకొనును. ఇక్కడ ఎరుపు హెచ్చరిక గాదు, ఆహ్వానము. గ్రంథాలయమున పుస్తకము లేని చోట ఖాళీ నుంచి, "ఈ పుస్తకము కావలయును" అని చీటీ పెట్టుట వంటిదది. గ్రామమందలి పాఠశాల విద్యార్థి తన ఊరి చెరువునుగురించియో, గుడినిగురించియో ఎర్రలంకెను చూచి, ఆధారములను గ్రంథాలయమున వెదకి, దానిని నీలముగా మార్చవచ్చును. రంగు తెలియనివారికై, సూచికను లంకెపై నిలిపినప్పుడు ఆ పుట ఇంకను లేదను మాటయు అక్షరములలో కనబడును. రంగునకు మాట తోడుండుట ఇక్కడను గమనింపదగినది.

రంగు విషయమున పాటింపవలసిన క్రమశిక్షణ స్వల్పమే. మొదటిది, లంకె కాని మాటకు లంకె వేషము వేయరాదు. ముఖ్యమని తోచిన మాటకెల్ల నీలము పూసి గీత గీచినచో, పాఠకుడు దానిని నొక్కి, ఏమియు జరుగక, తరువాత నిజమైన లంకెను గూడ నమ్మడు. రెండవది, ఒక వెబ్‌సైటులో ఒక రంగునకు ఒకే అర్థముండవలెను. మొదటి పుటలో నీలము, రెండవ పుటలో పచ్చ యైనచో పాఠకుడు ప్రతి పుటలోను క్రొత్తగా నేర్చికొనవలసివచ్చును. మూడవది, చూచిన లంకెకును చూడని లంకెకును భేదముండుట మేలు. పొడవైన పట్టికలో సగము చదివి లేచినవానికి, తిరిగి వచ్చినప్పుడు ఊదారంగు లంకెలు పుస్తకములో నుంచిన గురుతుకాగితమువలె పనిచేయును. నాల్గవది, లంకెగా నుంచిన మాట తన అర్థమును తానే చెప్పవలెను. "ఇక్కడ నొక్కుడు" అను మాటకు ఎంత మంచి రంగు వేసినను అది ఎక్కడికి కొనిపోవునో తెలుపదు. "పింఛను దరఖాస్తు పత్రము" అనునది లంకెయైనచో రంగు పిలుచును, మాట చెప్పును. చూపులేనివారికి పుటను చదివి వినిపించు యంత్రములు లంకెలను వరుసగా వినిపించునప్పుడు, మాటయే వారికి రంగు.

రంగు ఎంపికకు వ్యాపారులు పడు శ్రమ గూడ తెలిసికొనదగినదే. గూగుల్ సంస్థ నీలములోనే 41 ఛాయలను తీసికొని, ఏ ఛాయను జనులు ఎక్కువగా నొక్కుదురో పరీక్షించిన సంగతి 2009లో ప్రచారమునకు వచ్చినది. కంటికి తెలిసీ తెలియని ఛాయాభేదమునకు అంత విలువ యున్నదన్నమాట. అయితే వర్తకుని లెక్క యెన్నిమార్లు నొక్కిరని. గ్రంథాలయము లెక్క కావలసినవానికి కావలసినది దొరకినదా యని. సాధనమొకటే, ఉద్దేశములు వేరు. మొదటి లెక్కతో రంగు వేయువాడు పాఠకుడు తలపని చోటికి గూడ అతనిని లాగుకొనిపోవచ్చును. రెండవ లెక్కతో వేయువాడు అతడు తలచిన చోటికే త్వరగా చేర్చును.

ఇట్టి పరీక్షలకు ధనముగాని, యంత్రములుగాని లేని గ్రామ గ్రంథాలయము గూడ తన పుటను తాను సులభముగా పరీక్షించుకొనవచ్చును. పుటను నలుపు తెలుపులలో అచ్చు తీసి చూచినచో, రంగు పోయిన పిదప ఏవి లంకెలో తెలియుచున్నవా లేదా అనునది వెంటనే తేలును. ఫోనును మిట్టమధ్యాహ్నపు టెండలో పట్టుకొని చూచినచో, లేతరంగుల బలమెంతయో తెలియును. అన్నిటికంటె మేలైనది, అరువది దాటిన పాఠకుని ఒకరిని కూర్చుండబెట్టి, ఈ పుటలో ఎక్కడెక్కడ నొక్కవచ్చునో చూపుమని కోరుట. ఆయన వ్రేలు ఆగిన చోట తప్పు ఆయనది కాదు, పుటది. పుటను దిద్దవలెను.

పాతికేండ్ల క్రిందట గ్రామమున గ్రంథాలయమును స్థాపించిన పెద్దలు ద్వారముపై పేరుపలక వ్రాయించునప్పుడు, దూరమునుండి వచ్చువానికిని, చూపు మందగించినవానికిని, అప్పుడే అక్షరములు కూడబలుకుకొనువానికిని కనబడవలెనని తలచియే పెద్ద అక్షరములతో, ముదురు రంగుతో వ్రాయింతురు. తెరమీది పుటకు అదే మర్యాద కావలెను. తెలివిగలవాడు తలుపును తడిమియైనను కనుగొనును. పేరుపలక వానికొరకు కాదు. సందేహించుచు గుమ్మమువద్ద నిలుచువాని కొరకే పేరుపలక. లంకెకు వేయు నీలియు, గీచు గీతయు అట్టివాని కొరకే. వానికి దారి కనబడినప్పుడు తక్కిన అందరికిని కనబడినట్లే.

ఈ గ్రంథాలయము రజతోత్సవమునుండి స్వర్ణోత్సవమునకు సాగునాటికి బీరువాలలోని పుస్తకములును, తెరమీది పుటలును కలిసి పెరుగు గాక! ఆ రెండింటియందును ఈ గ్రామ పాఠకులలో ఏ యొక్కరికిని దారి కనబడకపోవుట యుండకుండు గాక!